గ్రాహం బెల్: అతుకు వెదకిన మహనీయుడు

గొప్పవారి చరిత్రములను జదువునపుడు మనము వారి జయములనే లెక్కించుచుందుము. వారి పని ఎచ్చట నిలిచిపోయెను, నిలిచిపోవుటకు గల కారణమును వారెట్లు వెదకిరి యను సంగతి మన దృష్టికి అంతగా రాదు. అయినను విద్యార్థికి ఎక్కువగా నుపకరించునది ఈ రెండవ సంగతియే. టెలిఫోనును కనిపెట్టినవాడని లోకమంతయు నెఱిగిన అలెగ్జాండరు గ్రాహం బెల్ చరిత్రమును ఈ సంచిక కొఱకు మేము ఎన్నుకొనుటకు హేతువు ఇదియే.

మఱియొక హేతువును గలదు. నేడు మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో హెడ్‌ఫోను విద్యార్థికి పలకా బలపములవంటి సాధనమైనది. పాఠములు వినుటకును, ఆంగ్లోచ్చారణము నేర్చుటకును, ఆదిలాబాదు ఆకాశవాణి ప్రసారములను సెల్‌ఫోనులో నాలకించుటకును దానిని వాడుచున్నాము. ఒకనాడు ప్లగ్గు దూర్చినను ధ్వని రాదు. లేదా ఒక చెవికి వచ్చి రెండవ చెవికి రాదు. వెంటనే వస్తువు చెడినదని తలచి అంగడికి పరుగెత్తుదుము. చెడినది చాల తఱచుగా వస్తువు గాదు, రెండు వస్తువుల నడుమనున్న అతుకు. ఆ అతుకును ఓర్పుతో వెదకు విద్యలో బెల్ మహాశయుడు మనకందఱకు గురువు.

బెల్ 1847వ సంవత్సరము మార్చి 3వ తేదీన స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించెను. ఆయన తాతయు తండ్రియు ఉచ్చారణ విద్యయందు పేరుగన్నవారు. తండ్రి మెల్విల్ బెల్, నాలుకయు పెదవులును గొంతును ఏ ధ్వనికి ఏ రీతిగా కదలునో చూపునట్టి యొక లిపిని కల్పించి 1867లో ప్రకటించెను. తల్లి ఎలైజాకు వినికిడి మిక్కిలి తక్కువ. ఆమె చెవిగొట్టము సాయమున వినుచు, పియానో చక్కగా వాయించుచుండెడిది. ఇతరులు ఆ గొట్టములో బిగ్గరగా మాటలాడుచుండగా, బాలుడైన బెల్ తల్లి నుదుటికి చేరువగా మోము నుంచి లోగొంతుకతో మెల్లగా పలుకుచుండెను. ధ్వని యనగా కంపనమనియు, అది గమ్యము చేరుటకు తగిన త్రోవ యుండవలెననియు ఆయన గ్రంథములకంటె ముందుగా తల్లి సన్నిధినే నేర్చుకొనెను. ఇంచుమించు పండ్రెండవ యేట నొక స్నేహితుని యింటివారి పిండిమరలో గోధుమల పొట్టు తీయుటకు, తిరుగుడు తెడ్లును మేకుల కుంచెలును గల చిన్న యంత్రమును అమర్చెను.

యౌవనమున ఆ కుటుంబమునకు ఘోరమైన విపత్తు వచ్చెను. తమ్ముడు ఎడ్వర్డు 1867లోను, అన్న మెల్విల్ 1870లోను క్షయరోగముచే మరణించిరి. మిగిలిన యొక్క కుమారుని రక్షించుకొను తలంపుతో తలిదండ్రులు 1870లో కెనడా దేశమునకు వలసపోయి బ్రాంట్‌ఫర్డు చెంత నివాస మేర్పరచుకొనిరి. మఱుసటి యేడు బెల్ అమెరికా దేశమందలి బోస్టను నగరమునకు పోయి, బధిరులైన బాలబాలికలకు మాట నేర్పు నుపాధ్యాయుడయ్యెను. 1873లో అచ్చటి విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. ఆయన శిష్యులలో మేబెల్ హబ్బర్డు అను బాలిక యొకతె. అయిదేండ్ల ప్రాయమున విషజ్వరము సోకి ఆమె వినికిడి పోయినది. తరువాతి కాలమున ఆమెయే ఆయన ధర్మపత్ని యయ్యెను. ఆమె తండ్రి గార్డినర్ హబ్బర్డును, మఱియొక బధిర బాలుని తండ్రియగు థామస్ సాండర్సును బెల్ పరిశోధనలకు ధనసహాయము చేసిరి.

ఆ కాలమున టెలిగ్రాఫు తీగెమీద ఒక్కసారిగా పెక్కు వార్తలను పంపుట యెట్లని పలువురు శ్రమించుచుండిరి. బెల్ పగలు పాఠములు చెప్పి రాత్రులందు ఈ పనిలో మునుగుచుండెను. ఆయన యుపాయము సంగీతమునుండి పుట్టినది. తీగె యొక కొసను కొన్ని ఉక్కు నాలుకలు, రెండవ కొసను వానికి సరిపోవు నాలుకలు. ఈ కొసనున్న నాలుకయు ఆ కొసనున్న నాలుకయు ఒకే శ్రుతిలో నున్నప్పుడు మాత్రమే వార్త అందును. శ్రుతి వెంట్రుకవాసి తప్పినను వార్త అందదు. రెండు కొసలును ఒకే కొలతకు లోబడి యుండవలెనను ఈ నియమమే నేటి ప్లగ్గునకును జాకునకును వర్తించు నియమము. 1874లో ఆయన మృతుని చెవినొకదానిని సంపాదించి, దానిలోని పల్చని పొర ఎముకలను ఎట్లు కదలించునో పరీక్షించెను. అంత పల్చని పొర ఎముకలను కదలింపగా, కొంచెము పెద్ద పొర ఇనుప రేకును ఏల కదలింపరాదని ఆయనకు తోచెను.

1875వ సంవత్సరము జూన్ 2వ తేదీ ఈ చరిత్రమున ముఖ్యదినము. బోస్టనులో చార్లెస్ విలియమ్స్ గారి కర్మశాల యందు బెల్ ఒక గదిలోను, ఆయన సహాయకుడగు థామస్ వాట్సన్ వేఱొక గదిలోను నాలుకలను సరిచూచుచుండిరి. వాట్సన్ వైపున నొక నాలుక అంటుకొనిపోయి కదలకుండెను. స్పర్శ మఱ మితిమీరి బిగిసియుండుటయే అందులకు కారణము. అతడు దానిని వ్రేలితో మీటి విడిపింపబోగా, బెల్ వైపున నున్న నాలుక నుండి మునుపెన్నడు వినరాని నిండైన ధ్వని వెలువడెను. మఱ బిగిసి తెగని తీగెలో, అయస్కాంతపు బలము గల ఆ నాలుక కదలికయే అలలవంటి విద్యుత్తును పుట్టించినదని బెల్ గ్రహించెను. పరుగున వచ్చి, దేనిని ముట్టక ఉన్నదున్నట్లే యుంచుమని ఆజ్ఞాపించి, మీటుడు మరల మరల చేయించి చూచెను. మఱియొకడైనచో మఱ వదులుచేసి పని సాగించియుండును. బెల్ దోషమును దిద్దుటకు ముందు ఆ దోషమేమి చెప్పుచున్నదో ఆలకించెను. టెలిఫోను ఆ క్షణముననే రూపుగట్టినది.

1876వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన ఆయన పక్షమున పేటెంటు దరఖాస్తు దాఖలు చేయబడెను. ఆ దినముననే ఎలీషా గ్రే అను శాస్త్రజ్ఞుడును అట్టి యుపాయమునే తెలిపి నమోదు కోరెను. మార్చి 7వ తేదీన బెల్ పేర 1,74,465వ సంఖ్యగల పేటెంటు వెలువడెను. మార్చి 10వ తేదీన ఆయన ప్రక్కగదిలోని వాట్సన్‌ను తీగె ద్వారా రమ్మని పిలువగా, వాట్సన్ మాటలను స్పష్టముగా విని వచ్చెను. జూన్ 25వ తేదీన ఫిలడెల్ఫియా ప్రదర్శనమున బ్రెజిల్ చక్రవర్తి రెండవ పెద్రో ఈ యంత్రమును చెవి నుంచుకొని ఆశ్చర్యపరవశుడయ్యెను. 1877 జూలై 11వ తేదీన బెల్ మేబెల్‌ను వివాహమాడి, తనకు వచ్చిన కంపెనీ వాటాలలో పది మాత్ర ముంచుకొని తక్కినవన్నియు ఆమెకు కానుకగా నిచ్చెను.

ఈ యశస్సు నిర్వివాదముగా దక్కినది కాదు. వ్యాజ్యములు అనేక సంవత్సరములు నడచెను. తుదకు 1888లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఆయన పక్షమున తీర్పు చెప్పెను. ఇటలీ దేశీయుడగు ఆంటోనియో మ్యూచీ అంతకు పూర్వమే ఈ మార్గమున చేసిన కృషిని అమెరికా ప్రతినిధిసభ 2002లో తీర్మానముచే గౌరవించినది. మహాకార్యము లొక్కని చేతనే సిద్ధించునవి కావని దీనివలన తెలిసికొనవలెను.

టెలిఫోనులు పెరిగిన కొలది కొత్త చిక్కు వచ్చెను. ప్రతి యింటినుండి ప్రతి యింటికిని తీగె లాగుట యెట్లు? 1878వ సంవత్సరము జనవరి 28వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమందలి న్యూహేవెన్ నగరమున 21 మంది చందాదారులతో మొదటి వాణిజ్య ఎక్స్ఛేంజి తెరువబడెను. అందఱి తీగెలును ఒక బల్లకు చేరును. ఎవరు ఎవరితో మాటలాడగోరిన వారిరువురి తీగెలను అచ్చటి ఉద్యోగి కలుపును. నాలుగేండ్లకు, సరిగా అదే తేదీన, 1882 జనవరి 28న మన దేశమున కలకత్తా, మదరాసు, బొంబాయి నగరములలో ఎక్స్ఛేంజిలు ప్రారంభమాయెను. అట్టి బల్లలకై పుట్టినదే మన ప్లగ్గు. షికాగోలో పనిచేసిన చార్లెస్ స్క్రిబ్నర్ అను శిల్పి కల్పించిన మీట, మడతచాకును పోలియుండుటచే ఆంగ్లమున ఆ చాకు పేర జాక్‌నైఫ్ అని పిలువబడెను. నేడు మనము జాకు అను పేరునకు అదియే మూలము. ఆ బల్లలయందు నెలకొన్న పావు అంగుళపు, అనగా 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు నేటికిని గిటారులందును, సంగీతశాలలందును వాడుకలో నున్నది. జేబు రేడియోలతో 3.5 మిల్లీమీటర్ల పిల్ల ప్లగ్గు వ్యాపించెను.

1881లో జరిగిన యొక విషాదకథ బెల్ స్వభావమును చక్కగా తెలుపును. ఆ యేట జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకి గుండు తగిలి పడిపోయెను. గుండు శరీరములో ఎచ్చట నున్నదో వైద్యులకు తెలియకుండెను. బెల్ రెండు తీగెచుట్లును టెలిఫోను వినికిడి ముక్కయు గల యంత్రమును కల్పించెను. లోహము లేనపుడు చెవికి నిశ్శబ్దము; లోహము దగ్గఱైనపుడు ధ్వని. జూలై 26వ తేదీ పరీక్షలో ఎడతెగని చిటపటలు వినవచ్చెను. యంత్రమును విప్పి వెదకి చూడగా, కండెన్సరు అను భాగము ఒక ప్రక్కకు మాత్రమే కలుపబడి రెండవ ప్రక్కకు కలుపబడలేదని తేలెను. ఆగస్టు 1వ తేదీన మరల పరీక్షింపగా విశాలమైన చోట నంతటను సన్నని ధ్వని వచ్చెను. రోగి పరుపుక్రింద ఉక్కు తీగెలుగల మఱియొక పరుపు కలదని తరువాత బెల్‌కు తెలిసెను. పైగా ప్రధానవైద్యుడు శరీరపు కుడివైపునే వెదకనిచ్చెను. గుండు ఎడమవైపున నుండెను. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. యంత్రము పనిచేయునదే, దానికిని దాని చుట్టునున్న వస్తువులకును పొత్తు కుదరలేదు. ఆ వేసవియందే బెల్ దంపతుల పసికుమారుడు ఊపిరి యాడక మృతినొందగా, ఆయన దుఃఖమును దిగమ్రింగి, శ్వాసకు తోడ్పడు యంత్రము నొకదానిని నిర్మించెను.

చదువరులారా, ఈ కథలోని పద్ధతిని మన హెడ్‌ఫోనునకు అన్వయించి చూతము. మొదట ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగినదో లేదో చూడవలెను. సెల్‌ఫోనునకు తొడిగిన దళసరి తొడుగు చాలసార్లు దానిని సగములో ఆపివేయును. రంధ్రములో చేరిన నూలుపోగును, దుమ్మును విద్యుత్తు ఆపి మెల్లగా తొలగింపవలెను. పిదప ఒక్కసారికి ఒక్క వస్తువునే మార్చవలెను. అదే హెడ్‌ఫోనును వేఱొక పరికరమునకును, వేఱొక హెడ్‌ఫోనును అదే పరికరమునకును పెట్టి చూచిన, దోష మేవైపున నున్నదో తేటపడును. రెండింటిని ఒక్కసారి మార్చినవాడు ఏమియు నేర్చుకొనడు. ప్లగ్గు మొదట తీగెను మెల్లగా వంచినపుడు ధ్వని వచ్చుచు పోవుచుండిన, తీగె లోపల తెగినదని తెలిసికొనవలెను.

అటుపిమ్మట ప్లగ్గు మీది నల్లని గీతలను లెక్కింపవలెను. ఒక గీత యున్న భాగములు రెండు. అది ఒకే ధ్వనిమార్గము గలది. రెండు గీతలున్న భాగములు మూడు. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, రెండింటికి ఉమ్మడిగా నొకటి. మూడు గీతలున్న నాలుగవ భాగము మైకునకు చెందును. ఒకే మార్గము గల రంధ్రమున మూడు భాగముల ప్లగ్గును పెట్టిన సాధారణముగా ఒక చెవికే వినబడును. అది తెగిపోయినట్లు గాదు. నాలుగు భాగముల ప్లగ్గులలో రెండు సంప్రదాయములు గలవు. ఒకదానిలో మైకు చిట్టచివరి భాగమునను, రెండవదానిలో దాని పై భాగమునను ఉండును. ఇవి తారుమారైనపుడు పాట లోతైన బావిలోనుండి వచ్చినట్లును, గాయకుని గొంతు మాయమైనట్లును వినబడును. మైకు మీట నొక్కి పట్టినంతసేపు సరిగా వినబడును. ఈ గుర్తు తెలిసినవానికి చిన్న మార్పుముక్క చాలును. కంప్యూటరునకు వినుటకును పలుకుటకును రెండు రంధ్రములు వేఱుగా నున్నచో, నాలుగు భాగముల ప్లగ్గును రెండు కొమ్మలుగా చీల్చు తీగె కావలెను.

కొలత కుదిరినను బలము కుదరవలెను. పూర్వపు స్ఫటిక రేడియోలకు 2000 ఓముల నిరోధము గల హెడ్‌ఫోనులు వాడుచుండిరి. నేటి సెల్‌ఫోను హెడ్‌ఫోనులు పెక్కు 32 ఓములకు దగ్గఱగా నుండును. సంగీతశాలలకై చేసిన 250 ఓముల హెడ్‌ఫోను సెల్‌ఫోనునకు తగిలించిన, దోషమేమియు లేకయే ధ్వని సన్నగిల్లును. కొత్త ఫోనులు కొన్ని గుండ్రని రంధ్రమునే మానినవి. వానిలో కొన్ని టైప్-సి రంధ్రము గుండా ధ్వనిని నేరుగా పంపును. కొన్నింటికి అంకెలను ధ్వనిగా మార్చు ముక్క వేఱుగా కావలెను. అందుచే ఒకరి ఫోనునకు పనిచేసిన మార్పుముక్క మఱియొకరి ఫోనునకు మూగబోవును. ఎఫ్.ఎం. రేడియో గల సెల్‌ఫోనులలో హెడ్‌ఫోను తీగెయే ఆకాశతంత్రిగా పనిచేయుటయు గుర్తుంచుకొనదగినది. తీగెలేని హెడ్‌ఫోను పెట్టుకొని ఆదిలాబాదు కేంద్రము వినరాలేదని చింతించువారు, తీగె గల దానిని ఒకసారి పెట్టి చూడవలెను. మఱియొక వింత: హెడ్‌ఫోను ప్లగ్గును మైకు రంధ్రమున పెట్టి దానిలో పలికిన, కంప్యూటరు ఆ ధ్వనిని సన్నగా గ్రహించును. బెల్ తొలి టెలిఫోనులలో పలుకు ముక్కయు వినెడి ముక్కయు ఒక్క తీరుననే యుండుటకు ఇదియే రహస్యము.

ఇక ఆయన శేషచరిత్రము. చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లర్ అను బాలికను తండ్రి బెల్ కడకు తోడ్కొని రాగా, ఆయన పెర్కిన్స్ విద్యాలయమునకు వ్రాయుమని హితవు చెప్పెను. దాని ఫలితముగా 1887 మార్చిలో ఆన్ సల్లివన్ అను ఉపాధ్యాయిని ఆమెకు లభించెను. హెలెన్ 1903లో వెలువడిన తన ఆత్మకథను బెల్‌కే అంకితమిచ్చెను. కాని ఆయన యభిప్రాయములలో నొకటి బధిరులకు ఎంతో నొప్పి గలిగించినది. తాను సంజ్ఞాభాష నెఱిగియు, బధిరులు నోటిమాటనే నేర్వవలెననియు, పాఠశాలలలో సంజ్ఞలు తగవనియు ఆయన వాదించెను. బధిరులు పరస్పరము వివాహమాడుట మంచిది కాదని 1883లో విద్వత్సభ యెదుట నొక వ్యాసము చదివెను. అట్టి బోధనలవలన పెక్కుచోట్ల తరములపాటు బాలురు తమ సహజమైన భాషకు దూరమైరి. రెండు కొసలును కుదురవలెనని యంత్రముల విషయమున ఎఱిగిన మేధావి, మనుష్యుల విషయమున ఒక్క కొసనే వంచ జూచెను. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయులను నియమింపవలెనని చెప్పుచున్నది.

కెనడాలోని బెడెక్ గ్రామము చెంత బెల్ కట్టుకొన్న గృహమున ఆయన తుదివఱకు పరిశోధనలు సాగించెను. ఆయన సంఘమువారి సిల్వర్ డార్ట్ విమానము 1909 ఫిబ్రవరి 23న అచ్చటి మంచుమీదనుండి ఎగిరెను. నీటిమీద తేలి పరుగెత్తు ఆయన పడవ 1919లో గంటకు 70.86 మైళ్ల వేగమందుకొనెను. 1915 జనవరి 25న న్యూయార్కులో నున్న బెల్ శాన్ ఫ్రాన్సిస్కోలో నున్న వాట్సన్‌తో టెలిఫోనులో మాటలాడెను. నలువది యేండ్ల క్రిందట గోడకు అటు నిటు నున్న ఆ యిరువుర నడుమ ఇప్పుడు ఒక ఖండము నిలిచియుండెను. 1922వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన తన 75వ యేట ఆయన పరమపదించెను. ఆగస్టు 4వ తేదీ అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికా ఖండమున టెలిఫోనులన్నియు ఒక నిమిషము మౌనము వహించెను.

సోదర విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి మనము రెండు సంగతులు గ్రహింపవలెను. ధ్వని రానపుడు వస్తువును నిందింపక అతుకును వెదకవలెను. గీతలు లెక్కించి, ఒక్కొక్కటిగా మార్చి, దోషము చెప్పునది ఆలకింపవలెను. అట్లు చేసినచో పేదయింటి తండ్రి కష్టార్జితమైన ధనము వృథా కాదు. ఇక మన తరగతిలో వినికిడి తక్కువైన బాలుడో బాలికయో యుండిన, వారిని మన వంకకు ఈడ్చుటకు మాఱుగా మనమును వారి వంకకు జరిగి, మోము కనబడునట్లు నిలిచి, వారి సంజ్ఞలు నేర్చుకొని మాటలాడవలెను. తల్లి నుదుటికి చేరువగా మోము నుంచి మెల్లగా పలికిన ఎడింబరో బాలుడు మనకు చూపిన త్రోవ అదియే.